మా వాడి గిటారూ, తొమ్మిది పెట్టెలూ

మా చిన్నవాడికి వాళ్ల మేనమామ ఎలెక్ట్రిక్ గిటారు కొనిపెట్టిన వేళ ఎటువంటిదో గాని, ఆ రోజు నుంచీ మా ఇంటి లెక్కలన్నీ తారుమారయ్యాయి. గిటారుతోబాటు ఒక చిన్న ఆంప్లిఫయరు కూడా ఇచ్చాడు కనక, ఇక నా జేబుకు పని ఉండదనుకున్నాను. వారం తిరక్కుండానే మా వాడు ఒక కాగితం తెచ్చి నేను చదువుకుంటున్న పేపరు మీద పెట్టాడు.

"ఇవి లేకపోతే లాభం లేదు నాన్నా!" అన్నాడు.

కాగితం నిండా పేర్లే. ఓవర్‌డ్రైవు, డిస్టార్షను, ఫజ్జు, వావా, కోరసు, ఫేజరు, డిలే, రివర్బు, కంప్రెసరు. వెరసి తొమ్మిది.

"ఏమిటిరా ఇవి, మందులా?" అన్నాను. వంటింట్లోంచి మా ఆవిడ నవ్వింది. వాడు మాత్రం నవ్వలేదు.

వీటిని పెడళ్లంటారట. అరచేతిలో పట్టే లోహపు డబ్బాలు. గిటారుకూ ఆంప్లిఫయరుకూ నడుమ తగిలించి, కాలితో మీట నొక్కితే నాదం రంగు మారిపోతుంది. ఒక్కొక్క డబ్బా ఒక్కొక్క పని చేస్తుంది. అంచేత తొమ్మిది పనులకి తొమ్మిది డబ్బాలు.

మరొక తండ్రి అయితే ఆ కాగితం మడిచి అవతల పారేసేవాడేమో. నేను పారేయలేకపోయాను. దానికో కారణం ఉంది. నా పదహారో ఏట నేను ఫిడేలు మానేశాను. విద్య రాక కాదు. తీగ తెగితే కొత్త తీగ కొనిపెట్టమని మా నాన్నగారిని అడగడానికి భయం వేసింది. రేపు అడుగుదాం, ఎల్లుండి అడుగుదాం అనుకుంటూండగానే పరీక్షలు, ఉద్యోగం, పెళ్లి అన్నీ అయిపోయాయి. ఆ ఫిడేలు ఇప్పటికీ మా బీరువా మీద ఉంది. గిటారు కూడా దాని పక్కకి చేరకూడదని నా కోరిక. వాడికి పదిహేను వేల రూపాయలు కేటాయించి, "ముందు ఒకటి కొనుక్కో, తరవాత చూద్దాం" అన్నాను.

వాడు కొన్నది డిస్టార్షను. అదికూడా అందులోకెల్లా భీకరమైనది. రెండు రోజులు మా ఇల్లు రైసుమిల్లులా మోగింది. మూడోరోజున డబ్బా మూగబోయింది. బ్యాటరీ అయిపోయింది. ఇక్కడొక చిన్న రహస్యం ఉంది, అప్పటికి మాకు తెలియదు. ఈ డబ్బాలలో చాలావాటికి గిటారు తీగను గుచ్చే రంధ్రమే స్విచ్చి. వాయించకపోయినా సరే, కేబులు గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. మా వాడు రాత్రింబగళ్లు గుచ్చే ఉంచాడు.

బ్యాటరీ బదులు అడాప్టరు వాడవచ్చునని డబ్బా మీద ఉంది. ఇంత దానికి మళ్లీ డబ్బెందుకు తగలెయ్యడమని, పాతసామాను పెట్టెలోంచి నేనే ఒక అడాప్టరు వెతికి తీశాను. పిన్ను చక్కగా పట్టింది. నాకు మహా సంతోషం వేసింది. డబ్బాకి కావలసింది 9 వోల్టులు, నేను తగిలించింది 12 వోల్టులు. అదీగాక దీని పిన్నులో ధనమూ ఋణమూ తల్లకిందులు. అవేవీ నేను చూడలేదు. ఎర్రదీపం వెలగలేదు గాని కాసేపటికి కాలిన వాసన మాత్రం వచ్చింది.

వాడు నన్నొక్క మాట అనలేదు. "పోనీలే నాన్నా" అన్నాడు. అంతే. మర్నాడు చూద్దును గదా, గిటారు సంచీలోకి వెళ్లి, ఆ సంచీ బీరువా మీద, నా ఫిడేలు పక్కనే ఉంది. తిట్టినా బాగుండుననిపించింది.

రెండు వారాలు చూసి, మా వీధి చివరనున్న ఒక పెద్దమనిషి దగ్గరకు వెళ్లాను. ముప్ఫై ఏళ్లపాటు పెళ్లిళ్లలో, ఉత్సవాలలో, ఆర్కెస్ట్రాలో గిటారు వాయించినవారు. ఊరంతా మాస్టారనే పిలుస్తుంది. నేను చేసిన ఘనకార్యం చెప్పుకున్నాను. ఆయన నవ్వి, "ఆ డబ్బా పారెయ్యకండి, వచ్చి చూస్తాను" అన్నారు.

వచ్చి, గిటారు దింపించి, నేరుగా ఆంప్లిఫయరుకే తగిలించి ఒక్కసారి ఆరు తీగలూ మీటారు. మొహం చిట్లించారు. "పెట్టెల సంగతి తరవాత, బాబూ. ముందు దీనికి శ్రుతి ఉందా?" అన్నారు.

లేదు. అసలు సంగతి అదీ. డిస్టార్షను అనేది ఉన్న నాదాన్ని చితక్కొట్టి పెంచే యంత్రం. రెండు తీగలు కొంచెం అపశ్రుతిగా ఉన్నా, మామూలుగా అయితే చెవి సర్దుకుంటుంది. ఆ డబ్బాలోంచి వెళ్తే వాటి మధ్య ఉన్న తగాదా వీధిలోకి వస్తుంది. మా రైసుమిల్లు మోతలో సగం వాటా ఈ తగాదాదే!

అంచేత మొదట కొనవలసింది శ్రుతి చూసే సాధనం, అనగా ట్యూనరు. గిటారు తలకి బట్టల క్లిప్పులా తగిలించేది కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. సెల్‌ఫోనులో ఉచితంగానూ వస్తుంది గాని, ఇంట్లో మిక్సీ తిరుగుతూంటే ఫోను తికమకపడుతుంది. క్లిప్పుదానికి ఆ బాధ లేదు, అది కర్రలోని కంపనాన్నే చూస్తుంది. లావు తీగ నుంచి సన్న తీగ దాకా ఇ, ఏ, డి, జి, బి, మళ్లీ ఇ. సెకనుకి దాదాపు 82, 110, 147, 196, 247, 330 కంపనాలు. మాస్టారు ట్యూనరుతో ఒక్క లావు తీగే సరిచేసి, దాన్ని తీసి జేబులో వేసుకున్నారు. తక్కినవి చెవితో కలపమన్నారు. ఐదో మెట్టు మీద నొక్కి పక్క తీగతో కలపాలి. జి నుంచి బికి వెళ్లేటప్పుడు మాత్రం నాలుగో మెట్టు. నాకు మా ఫిడేలు మాస్టారు గుర్తుకు వచ్చారు. తంబురా శ్రుతి కుదిరేదాకా ఆయన కమాను పట్టుకోనిచ్చేవారు కారు.

రెండవది తీగలు. మాది కాకినాడ. ఉప్పుగాలికి తీగలు నెలలోగా తుప్పు పడతాయి. వాయించిన తరవాత పొడిగుడ్డతో తుడవడం ఏ పెడలు కంటే కూడా లాభసాటి. కొత్తవారికి 9-42 సెట్టు వేళ్లకి సుఖం. సన్నతీగ అంగుళంలో వెయ్యింట 9 వంతులూ, లావుతీగ 42 వంతులూ అన్నమాట. మామూలు కర్రగిటారుకి వేసే కంచుతీగలు దీనికి పనికిరావు. ఎందుచేతనంటే ఎలెక్ట్రిక్ గిటారులో తీగల కింద అయస్కాంతాలూ, వాటి చుట్టూ వేల చుట్లు సన్నని రాగితీగా ఉంటాయి. పైన ఉక్కుతీగ ఊగితే ఆ చుట్లలో విద్యుత్తు పుడుతుంది. ఊగేది ఉక్కు కాకపోతే అయస్కాంతం పలకదు.

తీగలు మెట్లకి మరీ ఎత్తుగా ఉన్నాయని మాస్టారు బ్రిడ్జి మీది మరలు తిప్పి దింపారు. పన్నెండో మెట్టు దగ్గర రెండు మిల్లీమీటర్లలోపు ఎత్తుండేట్టు చూసుకున్నారు. ఆ పూటే మా వాడి వేళ్ల నొప్పి సగం తగ్గింది. ఇన్నాళ్లూ వాడు తన వేళ్లదే తప్పనుకున్నాడు, పాపం!

ఇక కేబులు. మూడు మీటర్లది చాలు. పొడుగు పెరిగినకొద్దీ నాదంలో పైమెరుపు తగ్గిపోతుంది. స్పీకరు కేబులూ ఇదీ చూడడానికి ఒక్కలాగే ఉంటాయి గాని, దీనిలోపల గోల రాకుండా వల అల్లి ఉంటుంది. అది లేనిది తగిలిస్తే ట్యూబులైటు రొద అంతా పాటలో కలుస్తుంది. భుజానికి గట్టి పట్టీ, ముప్పాతిక మిల్లీమీటరు మందం పిక్కులు ఓ అరడజను. వీటికి పెద్దగా ఆలోచించనక్కరలేదు.

ఆ తరవాత మాస్టారు ఆంప్లిఫయరు మీది బొత్తాలు తిప్పి చూపారు. అందులోనే బొంగురు పలికించే మార్గం ఒకటుంది. రివర్బూ, కోరసూ కూడా ఉన్నాయి. మేము చూడనేలేదు! "మూడు నెలలు వీటితోనే వాయించు. ఏది లేకపోతే నీకు వెలితిగా ఉందో అప్పుడు చెప్పు" అన్నారు. వాడి మొహం చిన్నబోయింది గాని మారు మాటాడలేదు.

చచ్చిన డబ్బాని రేడియోలు బాగుచేసే కుర్రవాడి దగ్గరకి పంపించారు. ఇటువంటి డబ్బాలలో చాలావాటికి గుమ్మంలోనే ఒక డయోడు కాపలా ఉంటుందట. తల్లకిందులుగా కరెంటు వస్తే అది తాను కాలిపోయి లోపలివాటిని కాపాడుతుంది. పది రూపాయల లోపు సరుకు. అది మార్చగానే డబ్బా లేచి కూర్చుంది. దీపం వెలిగిన క్షణాన నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నానంటే మీరు నవ్వుతారు.

అడాప్టరు కొనేవారు మూడు సంగతులు చూడాలి. వోల్టులు డబ్బా మీద వ్రాసినన్నే ఉండాలి; సాధారణంగా 9. పిన్ను నడుమ ఋణమా ధనమా అన్నది బొమ్మలో కనపడుతుంది; చాలావాటికి నడుమ ఋణం. మిల్లీ ఆంపియర్లు కావలసినదానికంటే ఎక్కువ ఉన్నా ఫరవాలేదు, తక్కువ ఉండరాదు. రెండు మూడు డబ్బాలకి ఒకే అడాప్టరు నుంచి పంచుకోవచ్చు. గుయ్యిమని రొద వస్తే అప్పుడు వేరువేరు తీగలిచ్చే విద్యుత్ పెట్టె చూసుకోవాలి.

ఇంతకీ ఈ బొంగురు గొంతు ఎవరి బుర్రలో పుట్టిందా అని నేను కొంత చదివాను. ఎవరి బుర్రలోనూ కాదు. అమెరికాలో నాష్‌విల్ నగరంలో మార్టీ రాబిన్స్ అనే గాయకుడి పాట రికార్డు చేస్తూంటే యంత్రంలో ఒక భాగం చెడిపోయి, గ్రేడీ మార్టిన్ వాయించిన తీగవాద్యం జీరగా పలికింది. చెరిపెయ్యకుండా అలాగే ఉంచారు. 1961లో ఆ రికార్డు బాగా అమ్ముడుపోయింది. ఆ చెడిపోయిన నాదాన్నే కావాలని పుట్టించే పెట్టెను గిబ్సన్ కంపెనీ 1962లో మేస్ట్రో ఫజ్‌టోన్ అనే పేర బజారులో పెట్టింది. మొదట్లో కొనేవారు లేరు. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందంలోని కీత్ రిచర్డ్స్ దాన్ని 'సాటిస్‌ఫాక్షన్' పాటలో వాడాక దుకాణాలలో దొరకడమే కష్టమైంది. ఆయన కూడా బాకాలు వాయించవలసిన చోటికి నమూనాగా దాన్ని వాయించి ఉంచాడట!

లోపల జరిగేది మాత్రం సులువే. నాదపు అల శిఖరాన్ని కోసేస్తారు. కొద్దిగా, గుండ్రంగా కోస్తే ఓవర్‌డ్రైవు. గట్టిగా కోస్తే డిస్టార్షను. పూర్తిగా గోడలా నరికేస్తే ఫజ్జు. కొత్తగా కొనేవారు మొదటి పెడలుగా ఓవర్‌డ్రైవే కొనడం మంచిది. మెల్లగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితే గరుకుగా పలుకుతుంది. చేతి బలాబలాలు దాచదు. మా దగ్గరున్నది డిస్టార్షనే కనక మాస్టారు దాని బొత్తాం పాతిక వంతుకి తిప్పి, "ఇంతకి మించి ముట్టుకోకు" అన్నారు.

ఆ పాతిక వంతులో నాకొక విశేషం వినపడింది. తీగను పక్కకి లాగితే స్వరం సాగుతూ నిలిచింది. ఇది మన వీణ మీద గమకం పలికించే పద్ధతే గదా! పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ ఎలెక్ట్రిక్ మాండొలిన్‌నే పట్టడానికి కారణం ఇక్కడే ఉంది. మామూలు మాండొలిన్ మీద స్వరం పుట్టగానే ఆరిపోతుంది, ఇక గమకానికి వ్యవధి ఎక్కడ? విద్యుత్తు ఆ వ్యవధిని ఇచ్చింది.

మూడు నెలలయ్యాక మా వాడు తనంతట తానే వచ్చి, "పాట ఆగినచోట బోసిగా ఉంది" అన్నాడు. సంక్రాంతికి డిలే కొన్నాం. అది ప్రతిధ్వని యంత్రం. గోల్ గుంబజ్‌లో కేక వేస్తే మళ్లీ మళ్లీ వినపడినట్టు, మీటిన స్వరం మళ్లీ మళ్లీ వస్తుంది. అరసెకను ఆలస్యం పెడితే 85 మీటర్ల దూరంలో గోడ కట్టినట్టు లెక్క. నిమిషానికి 120 దెబ్బల తాళంలో ఒక్కొక్క దెబ్బ సరిగ్గా అరసెకనే. అంచేత తాళం తప్పినవాడిని ఈ యంత్రం వెంటనే పట్టిస్తుంది. మా వాడు వారం రోజులు దానిచేత చివాట్లు తిన్నాడు. దీన్ని డిస్టార్షను తరవాత తగిలించాలి. ముందు తగిలిస్తే ప్రతిధ్వనులన్నీ కలిసి గంజి అయిపోతాయి.

అన్నీ ఒకే పెట్టెలో ఉండే మల్టీ ఎఫెక్టు యంత్రాలు కూడా ఉన్నాయి. చౌకే. మాస్టారు వాటిని మెచ్చుకున్నారు. నాకు మాత్రం, మావాడిలాంటి వాడికి అది ఇస్తే వాయించడం మాని బొత్తాలు తిప్పుతూ కూర్చుంటాడని అనుమానం.

హెడ్‌ఫోను కొనిపెట్టాం గాని, మోత ఎక్కువ పెట్టుకోనివ్వను. 85 డెసిబెల్లు ఎనిమిది గంటలు వింటే హద్దు. మూడు డెసిబెల్లు పెరిగితే ఆ వ్యవధి సగమవుతుంది. పెడలు పోతే డయోడు మార్చుకోవచ్చు.

మొన్న ఆ పాత కాగితం మళ్లీ బయటికి తీశాడు. ఆరు పేర్లు వాడే కొట్టేశాడు. రెండు కొన్నాం. మిగిలింది వావా ఒక్కటి. డబ్బు కూడా కొంత మిగిలింది.

"వావా కొనుక్కుంటావా?" అన్నాను.

వాడు బీరువా మీదికి చూసి, "ఫిడేలు తీగలు ఎంత ఉంటాయి నాన్నా?" అన్నాడు.

"వాడి డబ్బు వాడికే ఉంచండి" అంటుంది మా ఆవిడ. మాస్టారు మాత్రం ఆదివారం వచ్చి ఫిడేలు దింపించి, గుర్రం పడిపోయిందనీ, బిరడాలు బిగుసుకుపోయాయనీ ఒక కాగితం మీద వ్రాసి ఇచ్చి వెళ్లారు.