పెనంలో మిగిలిన కొవ్వు

పిల్లలూ! మాంసం వేయించిన పెనంలో మిగిలే కొవ్వు యుద్ధానికి పనికివచ్చిందంటే నమ్ముతారా? 1942లో ఫిలిప్పీన్స్ జపాను వశం కాగా, అక్కడి కొబ్బరినూనె అమెరికాకు రావడం ఆగిపోయింది. నూనెతోగాని కొవ్వుతోగాని సబ్బు చేసేటప్పుడు గ్లిసరిన్ విడివడుతుంది. దాన్ని నత్రికామ్లంతో కలిపి పేలుడు పదార్థం తయారుచేస్తారు. (మీరు చేయబోకండి సుమా!) అందుకని అమెరికాలో తల్లులు, కూరలకు వాడగా మిగిలిన కొవ్వును వడగట్టి డబ్బాలో పోసేవారు. అది నిండితే పిల్లలు మాంసం దుకాణానికి మోసుకుపోయేవారు. పౌనుకు 4 సెంట్లు! 1943 డిసెంబరు నుంచి రేషను పాయింట్లు కూడా ఇచ్చారు. ఇల్లాలికి కావలసినవి అవే. చేతిలో డబ్బున్నా, పాయింట్లు లేనిదే దుకాణదారు వెన్న ఇచ్చేవాడు కాదు.