పింగాణి గిన్నెపై పసిడి గీత

బాపట్ల చేరువనున్న సూర్యలంక ఇసుకను ఎప్పుడైనను గుప్పిట పట్టి పరిశీలించితిరా? అందు తళతళలాడునవి చాలవరకు స్ఫటికపు రేణువులు. స్ఫటికమనగా సిలికా. తెల్లని చీనామట్టి, ఫెల్‌స్పారు, స్ఫటికము, ఈ మూడును పింగాణికి దినుసులు. ఐనను ఈ ఇసుకతో పింగాణి చేయరు. అందలి నల్లని రేణువులలో ఇల్మనైటు వంటి ఇనుప ఖనిజములు గలవు. ఇనుము పిసరంత యున్నను పాత్ర తెలుపు చెడును.

ఇదే తీరమున నైఋతి దిశగా మోటుపల్లి రేవు గలదు. కాకతీయ గణపతిదేవుడు 1244లో సముద్ర వర్తకులకు అభయమిచ్చి ఇచ్చట శాసనము వేయించెను. ఈ రేవు త్రవ్వకములలో చీనా పింగాణి పెంకులు దొరకినవి. చీనాలో పుట్టిన ఆ విద్యయే కొరియా కుమ్మరుల చేతిమీదుగా 17వ శతాబ్ది తొలినాళ్లలో జపానులోని అరిటాకు చేరినది.

జపానువారు బియ్యమును పులియబెట్టి 'సాకే' అను మద్యము చేయుదురు. దానిని త్రాగు గిన్నె మన ఉగ్గుగిన్నె అంత చిన్నది. అంత చిన్న గిన్నెపై ఎరుపు రంగు వేసి, దానిమీద పసిడితో లతలు, కొంగలు చిత్రింతురు. ఈ తీరునకు 'కిన్‌రాండె' యని పేరు. జరీవస్త్రము వంటిదని భావము. పేరు పెట్టినవాడెవడో రసికుడే!

ఈ పనిలో కష్టమంతయు నిప్పుతోనే. పచ్చి గిన్నెను మొదట సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడులో కాల్చుదురు. గాజుపూత పూసి, మరల 1300 డిగ్రీల దరిదాపున కాల్చగా, ఫెల్‌స్పారు కరగి రేణువుల నడుమ సందులను పూడ్చును. అందుచేతనే పింగాణి నీరు పీల్చదు. వెలుతురునకు పట్టినచో వ్రేళ్ల నీడ ఆవలికి కనబడును.

మరి పసిడిని అప్పుడే ఏల పూయరాదు? బంగారము 1064 డిగ్రీలకే కరగును. కరగిన బంగారము గాజుపై పరచుకొనక, తామరాకుపై నీటివలె బొట్లు కట్టును. కనుక గిన్నె చల్లారిన పిమ్మట పసిడి పూసి, 800 డిగ్రీలకు మించని వేడిలో మరియొకసారి కాల్చుదురు. గాజు కొంచెము మెత్తబడి పసిడిని పట్టుకొనును. బంగారము ఆక్సిజనుతో కలియదు గనుక నల్లబడదు. రాగి గీతయైనచో నల్లబడిపోవును. ఈ కడపటి కాల్పులో గిన్నె పగిలినచో, వెనుకటి శ్రమయంతయు వ్యర్థమే.

పసిడి పొడితో వ్రాసిన గీత ఆవమునుండి మసకగానే వచ్చును; అగేటు రాతితో రుద్ది మెరుగు పెట్టవలెను. 1830 ప్రాంతమున జర్మనీలోని మైసెనులో ద్రవ స్వర్ణము వచ్చినది. ద్రవరాజములో కరగించిన బంగారమును గంధకము గల తైలములతో కలిపి చేయు లేపనమిది. కాల్చగనే తైలము మండిపోయి, మెరసెడి పసిడి పొర మిగులును. ఆ పొర మైక్రానుకంటె పలుచన. చవుకయే గాని, పీచుతో తోమినచో త్వరగా పోవును. మైక్రోవేవు పొయ్యిలో పెట్టినచో పసిడి అంచున నిప్పురవ్వలు లేచును; లోహము గదా!