త్రుప్పు పట్టిన చక్రపు కుండ

హైదరాబాదు నగరమున ఆబిడ్సునకు సమీపమున గన్‌ఫౌండ్రీ అను పేట కలదు. 1795వ సంవత్సరమున, రెండవ నిజాము కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండు ఇచ్చట ఫిరంగులు పోతపోయు కార్ఖానాను నెలకొల్పెను. జనులు దానిని ‘తోప్ కా సాంచా’ అనిరి. ఫిరంగి అచ్చు అని దాని యర్థము. రేమండు 1798లో మరణించెను. ఫిరంగుల కాలము గడచినది. పేట పేరు మాత్రము నిలిచినది. నేడు ఆ వీథిలో వినబడునది మోటారుబండ్ల రొద. ఆనాడు అచ్చట లోహమునకు రూపమిచ్చినది నిప్పు. నేడు ఆ వీథిని పోవు బండ్ల ఇనుమును మెల్లమెల్లగా తినివేయునది నీరు. ఈ రెంటి గుణములను ఎరిగినవాడే ఇనుముతో పనిచేయగలడు. ఇందులకు కారు ముందుచక్రపు కుండ చక్కని ఉదాహరణము.

ఎడ్లబండి చక్రమున ఆకులన్నియు వచ్చి చేరు నడిమి దుంగను కుండ అందురు. కారు చక్రమునకును అట్టి భాగము కలదు. మెకానిక్కులు దానిని హబ్బు అందురు. చక్రము నట్లతో బిగింపబడునది దానికే. హబ్బు తేలికగా తిరుగుటకై దానిని బేరింగుపై నిలుపుదురు. బేరింగున రెండు ఉక్కువలయముల నడుమ గుండ్లో రోలర్లో గ్రీజులో దొర్లుచుండును. బండి ముందుభాగపు బరువు, గోతుల కుదుపు, మలుపుల ఒత్తిడి అన్నియు ఈ చిన్న భాగము మీదనే పడును. బేరింగు అరిగినచో గుర్రుమను ధ్వని బయలుదేరి, వేగముతోపాటు హెచ్చును. అశ్రద్ధ చేసినచో చక్రము ఊగులాడి ప్రాణాపాయము కలుగవచ్చును. కావున పాతదానిని తీసి క్రొత్తదానిని వేయవలెను.

అయితే తీయుటయే కష్టము. వానకాలమున రోడ్లపై నిలిచిన నీరు చక్రముల మీదికి చిమ్మి, హబ్బు భాగములకును వానిని పట్టియుంచు ఇనుపదిమ్మెకును నడుమనున్న సన్నని సందులో చేరును. ఇనుము, నీరు, గాలిలోని ప్రాణవాయువు కలిసి త్రుప్పు అగును. ఇందులో ఒక విశేషము కలదు. త్రుప్పు తాను పుట్టిన ఇనుముకంటె రెండింతలకు మించిన చోటు నాక్రమించును. సందు మాత్రము పెరుగదు. అందువలన త్రుప్పు ఇరువైపుల ఒత్తి, రెండు ముక్కలను ఆపు కొట్టినట్లు బిగించివైచును. బోల్టులన్నియు ఊడదీసినను హబ్బు కదలకుండుటకు కారణమిదియే.

ఇట్టి సమయమున అనుభవము లేనివాడు పెద్దసుత్తి నందుకొనును. ఆ దెబ్బ గుండ్ల మీదుగా పోయి బేరింగులోని నున్నని వలయములపై గుంటలు చేయును. ఒక్కొక్కప్పుడు హబ్బు మాత్రము ఊడివచ్చి, బేరింగు వెలుపలి వలయము దిమ్మెలోనే చిక్కుకొనును. పని తగ్గుటకు మారు రెండింతలగును.

తెలిసినవాడు మొదట ప్రాణరక్షణము చూచుకొనును. బండిని చదునైన నేలపై నిలిపి, వెనుకచక్రములకు చెక్కదిమ్మెలు అడ్డుపెట్టును. హబ్బు నడుమ పెద్దనట్టు ఉన్న బండ్లలో, చక్రము నేలమీద నున్నప్పుడే దానిని కొంచెము సడలించును. బండిని ఎత్తిన పిదప ఆ నట్టుతో పెనుగులాడినచో అది జాకీపైనుండి జారవచ్చును. జాకీ ఎత్తుటకే గాని మోయుటకు కాదు. ఎత్తిన బండిని గట్టి ఇనుపస్టాండ్లపై నిలుపవలెను. ఇటుకలు హఠాత్తుగా పగులును గనుక వానిని నమ్మరాదు. స్టాండ్లు లేనిచో పని మానుకొనుటయే మేలు.

పిదప చక్రమును, బ్రేకు భాగములను తీయవలెను. బ్రేకు భాగమును దాని రబ్బరుగొట్టముపై వ్రేలాడనీయక తీగతో కట్టి నిలుపవలెను. త్రుప్పును తీగెబ్రష్షుతో రుద్ది, సందులో పలుచని నూనె వేయవలెను. దీపపు వత్తి నూనెను పైకి పీల్చుకొనునట్లే సన్నని సందును ఆ నూనెను లోనికి పీల్చుకొనును. దీనికి గంటలు పట్టును. రాత్రియంతయు నాననిచ్చుట మంచిది. బిగిసిన బోల్టును ఒకేసారి విప్పబూనినచో అది తెగిపోవచ్చును. కొంచెము విప్పుచు, కొంచెము బిగించుచు ముందుకు పోవలెను. వెనుకనుండి బోల్టులతో బిగించిన హబ్బు అయినచో, బోల్టులను పూర్తిగా తీయక, కొన్ని చుట్లు మాత్రము సడలించి, వాని తలలపై ఒకదాని తరువాత నొకటిగా మెల్లగా తట్టవలెను. అప్పుడు హబ్బు వంకరపోక అన్నివైపుల సమముగా వెలికి వచ్చును. దీనికిని లొంగనిచో పుల్లరు అను మరచట్రమును తగిలించి నిదానముగా లాగవలెను.

చివరి యుపాయము వేడి. పూర్వము పల్లెలలో కమ్మరి బండిచక్రమునకు ఇనుపపట్టాను కాల్చి తొడిగెడివాడు. వేడికి సాగిన పట్టా సులభముగా ఎక్కి, నీరు పోయగనే కుంచించుకొని బిగిసెడిది. ఇచ్చట ఆ సూత్రమునే తిరుగవేయుదురు. నూరు మిల్లీమీటర్ల రంధ్రముగల ఇనుపదిమ్మెను నూరు సెంటిగ్రేడు డిగ్రీలు అధికముగా వేడిచేసినచో, రంధ్రము సుమారు 0.12 మిల్లీమీటరు పెరుగును. త్రుప్పు పట్టు సడలుటకు అంతమాత్రము చాలవచ్చును. కాని నూనె, గ్రీజు, బ్రేకుద్రవము నిప్పంటుకొనును గనుక ఈ పని నిపుణునిదే. 1983లో వెలువడిన మారుతి 800 వంటి అనేక బండ్లలో ముందు బేరింగును దిమ్మెలోనికి ఒత్తి అమర్చియుందురు. అట్టి దానికి ప్రెస్సు యంత్రము వలయును. ఇంటిలో చేయదగిన పని ఏదో, కార్ఖానాకు అప్పగింపదగినది ఏదో తెలిసికొనుటయు నేర్పే.

క్రొత్తభాగమును వేయుటకు ముందు పాత త్రుప్పును పూర్తిగా తుడిచివేయవలెను. త్రుప్పుపొర మిగిలినచో హబ్బు ఒరిగి కూర్చుండును. రెండు ముక్కలు కలియు చోట పలుచగా గ్రీజు పూసినచో నీరు చేరదు. బ్రేకుపళ్లెమునకు మాత్రము గ్రీజు తగులనీయరాదు. నట్లను తయారీదారులు చెప్పిన కొలతకు బిగింపవలెను.

త్రుప్పు ఒక్కనాటి పని కాదు. కొన్ని వానకాలముల పని. దానిని ఒక్క దెబ్బతో పోగొట్టగోరుట అవివేకము. నూనెకు కాలమిచ్చి, వేడికి కొలత నిచ్చి, బలమును చివరకు దాచుకొనువానికి ఇనుము లొంగును. పని ముగించి అతడు క్షేమముగా లేచును; బండియు క్షేమముగా నడచును.