గాజుతొట్టిలోని నీటిమొక్కలకు ఎరువు

పెద్దలారా! పొలమునకు ఎరువు వేయుట మీకొకరు నేర్పవలసిన విద్య కాదు. అయితే నేడు పట్టణములందే గాక పల్లెలందును పిల్లలు ముచ్చటపడి గాజుతొట్టిలో చేపలను, నీటిమొక్కలను పెంచుచున్నారు. ఆకు పసుపువారినప్పుడు “తాతయ్యా, దీనికేమి వేయవలెను?” అని మిమ్మునే అడుగుదురు. పొలపు విద్య ఇచ్చట ఎంతవరకు చెల్లునో, ఎచ్చట చెల్లదో మనవి చేసెదను. పొలమున ఎరువు హెచ్చినచో పైరు పడిపోవును. తొట్టిలో హెచ్చినచో చేపల ప్రాణమే పోవును. కావున ఇది కేవలము వినోదపు మాట కాదు.

1779వ సంవత్సరమున ఇంగెన్‌హౌజ్ అను డచ్చి వైద్యుడు, నీట మునిగిన ఆకులు వెలుతురు తగిలినప్పుడే ప్రాణవాయువును బుడగలుగా విడుచునని ప్రకటించెను. 1850లో లండనునందలి వారింగ్టన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ఒక తొట్టిలో బంగారుచేపలను, వాలిస్నేరియా అను నీటిమొక్కను ఉంచి, కుళ్లిన ఆకులను తినుటకు నత్తలను చేర్చి, నీరు మార్చకయే అన్నిటిని పోషించి చూపెను. చేప విడుచు బొగ్గుపులుసు గాలి మొక్కకు ఆహారము. మొక్క విడుచు ప్రాణవాయువు చేపకు ఊపిరి.

ఇక ఎరువు మాట. చేపల మలమును, తినక మిగిలిన మేతయు కుళ్లి అమ్మోనియా యగును. ఇది చేపకు విషము. ఇసుకలోను, నీటిని వడపోయు యంత్రములోను కాపురముండు సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైటుగను, పిదప నైట్రేటుగను మార్చును. నైట్రైటును విషమే. నైట్రేటు మితముగ నున్న హాని లేదు. పైగా మొక్కకు చక్కని ఎరువు. కొత్త తొట్టిలో ఈ సూక్ష్మజీవులు కుదురుకొనుటకు సుమారు 4 మొదలు 6 వారములు పట్టును. చేపలు పెక్కులుగను, మొక్కలు కొలదిగను ఉన్నచో నత్రజని ఎరువు వేరుగ అక్కరలేదు. మొక్కలు దట్టమై చేపలు కొలదియైనచో కావలసి వచ్చును.

అప్పుడు వరిమడికి వేయునట్లే చిటికెడు యూరియా వేయుదమని తోచును. అది కూడదు. యూరియా నీటిలో విడివడి అమ్మోనియా యగును. క్షారగుణము గల నీటిలోను, వేసవి వేడిమిలోను ఆ విషము మరింత హెచ్చును. అమ్మోనియం సల్ఫేటును అట్టిదే. పేడ వేసినచో కుళ్లునప్పుడు నీటిలోని ప్రాణవాయువును హరించును. చేపల చెరువులకు పేడ వేయుట కద్దు కదా యందురేమో! చెరువు విశాలము, గాలియు ఎండయు పుష్కలము. తొట్టిలోనిది నాలుగు కడవల నీరు.

మరి వేయదగినదేది? నేను చెప్పునది శుద్ధమైన పొటాసియము నైట్రేటు, అనగా సూరేకారము. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు గల తొట్టిలో ఇసుక పోను సుమారు 50 లీటర్ల నీరుండును. 8 గ్రాముల సూరేకారమును అర లీటరు నీటిలో కరిగించి సీసాలో నుంచుకొని, వారమునకొకమారు అందులో 50 మిల్లీలీటర్లు తొట్టిలో పోసినచో లీటరుకు 10 మిల్లీగ్రాముల నైట్రేటు చేరును. పొటాసియమును దానితోడనే వచ్చును. ఎరువు పోయుటకు ముందు సగము నీరు మార్చుచుండవలెను. అట్లు చేసినచో, మొక్క ఏమియు తినకున్నను, మనము వేసిన నైట్రేటు లీటరుకు 20 మిల్లీగ్రాములకు మించి పేరుకొనదు. కొళాయి నీటిలోని క్లోరిన్‌ను తొలగించిన పిదపనే ఆ నీరు వాడవలెను. భాస్వరము చేపల మేతనుండియే తరచు సరిపోవును.

ఆకు చెప్పు మాటను మీరు పొలమున చదివినట్లే ఇచ్చటను చదువవచ్చును. ముదురాకు మొదట పసుపువారిన నత్రజని లోపము. ముదురాకున సూదిపోట్ల వంటి రంధ్రములు పడిన పొటాసియము లోపము. లేతాకు వెలవెలబోయి ఈనెలు మాత్రము పచ్చగ నున్న ఇనుము లోపము. దీనికై ఇనుపమేకు వేసిన ఫలము లేదు. తుప్పు మొక్కకు సులభముగ అందదు. చీలేటు రూపమున అమ్ము ఇనుమునే స్వల్పముగ వాడవలెను. వేళ్లతో తిను మొక్కలకు ఇసుకక్రింద సారవంతమైన మన్ను మేలు. మన చెరువులలో తీగవలె సాగు హైడ్రిల్లా అను నాచు నీటినుండియు ఆకులద్వారా ఆహారము గ్రహించును.

మడిగట్టు ఎచ్చట పల్లముగ నుండునో నీరు ఆ మట్టమునకే నిలుచును గదా! మొక్క పెరుగుదలయు అట్లే. ఏది అన్నిటికంటె తక్కువయో అదియే హద్దు. ఈ సూత్రమును 19వ శతాబ్దమున జర్మనీలో ష్ప్రెంగెల్, లీబిగ్ అను శాస్త్రజ్ఞులు స్థాపించిరి. బొగ్గుపులుసు గాలి నీటిలో వ్యాపించు వేగము బయటిగాలిలోకంటె సుమారు 10,000 రెట్లు తక్కువ. కనుక తొట్టిలో తరచు పల్లమైన గట్టు అదియే. అట్టిచో దీపము హెచ్చించి, ఎరువు కుమ్మరించినను మొక్క పెరుగదు, పాచి పెరుగును. దినమునకు 6 మొదలు 8 గంటల వెలుతురు చాలును.

మొదట సగము మోతాదుతో ప్రారంభించి రెండు వారములు వేచియుండుడు. చెడిన పాత ఆకు తిరిగి బాగుపడదు. కొత్తగ వచ్చు చిగురునే చూడవలెను. చిగురు పచ్చగ నున్నచో అంతటితో ఆగుడు. పిల్లవానికిని ఆ ఓర్పునే నేర్పుడు.