చేష్టానాడీవ్యాధి - నేఁటి పరిశోధనలు

మనము చేయి యెత్తినను, అడుగు వేసినను, మాటాడినను ఆ పనికి ముందుగా మెదడునుండి యొక యాజ్ఞ వెడలవలయును. ఆ యాజ్ఞ రెండు మజిలీలలోఁ గండరమును జేరును. వంశధారపై గొట్టావద్ద నిలిపిన నీరు మొదటఁ బెద్దకాలువవెంటఁ బాఱి, పిదపఁ బిల్లకాలువలద్వారా పొలమును దడుపు విధమిదియే. మెదడునుండి క్రిందికి దిగు నాడీకణములు పెద్దకాలువలు. మెదడు క్రిందిభాగమునుండియు వెన్నుపామునుండియు కండరములకుఁ బోవునవి పిల్లకాలువలు. వీనికిఁ జేష్టానాడులని, ఆంగ్లమున మోటార్ న్యూరానులని పేరు. వీరఘట్టమునఁ బుట్టిన కోడి రామమూర్తినాయుఁడుగారి బలమునకును, విజయనగర సంగీత కళాశాలలోని ద్వారం వెంకటస్వామినాయుఁడుగారి వ్రేళ్ల నేర్పునకును ఆధారము లీ సన్నని తంతువులే.

ఈ కణములు క్రమక్రమముగా నశించుటయే చేష్టానాడీవ్యాధి. 1869లో ఫ్రాన్సుదేశపు వైద్యుఁడు షార్కో దీని ముఖ్యరూపమును వివరించెను. నీరందని పొలమువలెఁ గండరము సన్నగిల్లును. చేతినుండి కలము జాఱును, మాట ముద్దయగును, మ్రింగుట కష్టమగును, తుదకు శ్వాసకండరములును దుర్బలములగును. పలువురు రోగులు కొలఁదియేండ్లలోనే మరణింతురు. అయినను చూపును, స్పర్శజ్ఞానమును సామాన్యముగాఁ జెడవు. చాలమందికి బుద్ధియు నిలిచియుండును.

1953 వఱకు మన ప్రాంతమునకు రాజధానిగా నుండిన మద్రాసునందు, 1970లో మీనాక్షిసుందరం, జగన్నాథన్, రామమూర్తి యను వైద్యులు దీని వేఱొక రూపమును వెల్లడించిరి. అది పిన్నవయస్సువారికే వచ్చును. ముఖకండరములను, నాలుకను బలహీనపఱచును. పెక్కండ్రకు వినికిడిని హరించును. కాని మెల్లగా సాగుటచే రోగులు దశాబ్దములపాటు జీవింతురు. ఇది ముఖ్యముగా దక్షిణభారతమునందే కనఁబడుచుండుటచే దీనికి "మద్రాసు తరహా" యను పేరు ప్రపంచమంతటను నిలిచినది.

కారణాన్వేషణమున 1993వ సంవత్సరము ముఖ్యమైనది. కొన్ని కుటుంబములలో వంశానుగతముగా వచ్చు వ్యాధికి ఎస్.ఓ.డి.1 అను జన్యువునందలి దోషము మూలమని యప్పుడు తేలినది. 2006లో, పెక్కుమంది రోగుల నాడీకణములలో టి.డి.పి.-43 అను మాంసకృత్తు ముద్దకట్టుచున్నదని కనుఁగొనిరి. 2011లో మఱియొక జన్యుదోషము బయలుపడెను. అయినను పదుగురు రోగులలో రమారమి తొమ్మండ్రకుఁ గుటుంబమున నీ వ్యాధి యుండదు.

చికిత్సలో 1995లో వచ్చిన రిలుజోల్ అను మందు వ్యాధివేగమును గొంత తగ్గించును. 2023లో అమెరికాలో నంగీకృతమైన టోఫర్సెన్, ఎస్.ఓ.డి.1 దోషము గలవారిలో హానికరమైన మాంసకృత్తు తయారగుటనే తగ్గించును. నశించిన కణమును మరల బ్రదికించు మందు మాత్రము లేదు.

కావునఁ దల్లిదండ్రులకొక విన్నపము. ఇది అంటువ్యాధి కాదు, చిల్లంగి కాదు, పాపఫలమును గాదు. ఇట్టి లక్షణములే చూపుచు, చికిత్సకు లొంగు వ్యాధులును గలవు. మెడలో నరములు నొక్కుకొనుట యట్టిది. కనుక బలము తగ్గుచున్న మనిషిని నాడీవైద్యునివద్దకుఁ ద్వరగాఁ గొనిపోవలయును. తప్పక నయముచేయుదుమను వారికి భూములమ్మి ధనమీయరాదు. ఆ సొమ్ము సరియైన యాహారమునకు, శ్వాసకుఁ దోడ్పడు యంత్రమునకు వినియోగించిన రోగి యాయువును సుఖమును బెరుగును. మాట పోయిన వానియెదుట అక్షరములపలక నుంచి, వాని చూపు ననుసరించి యొక్కొక్క యక్షరమును గూర్చి చదువుట మన బడిపిల్లలును జేయఁగల సేవ. అతఁడు చెప్పఁగోరునది యింకను జాల యుండును.