ఊపిరి నెమ్మదిగా వదిలితే గుండె దడ ఎందుకు తగ్గుతుంది?

పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం చేతికి రాగానే గుండె దడదడలాడుతుంది. ఏదో ప్రమాదం వచ్చిందని మెదడు కంగారుపడుతుంది, అడ్రినలిన్ అనే హార్మోను రక్తంలోకి చేరి గుండెను పరుగెత్తిస్తుంది. నెమ్మదించమంటే గుండె మన మాట వినదు. ఊపిరి వింటుంది! కిటుకంతా అక్కడే ఉంది.

మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నరం గుండె వేగానికి బ్రేకు లాంటిది. గాలి పీల్చేటప్పుడు ఆ బ్రేకు కాస్త వదులవుతుంది, వదిలేటప్పుడు బిగుస్తుంది. మీరే చూడండి: మణికట్టు మీద, బొటనవేలి వైపు రెండు వేళ్లు ఆనించి నాడి పట్టుకోండి. పీల్చినప్పుడు కాస్త వడిగా, వదిలినప్పుడు నిదానంగా కొట్టుకుంటుంది. ఈ తేడా పెద్దవాళ్లలో కన్నా మీ వయసువాళ్లలోనే బాగా తెలుస్తుంది.

ఈ నరం ఒక రసాయనాన్ని వదిలి గుండెను నెమ్మదింపజేస్తుందని 1921లో ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త కప్ప గుండెలతో నిరూపించాడు. ఆ రసాయనమే అసిటైల్‌కోలిన్. 1936లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

అంటే ఊపిరి ఎంత నెమ్మదిగా వదిలితే ఆ బ్రేకు అంత ఎక్కువసేపు బిగిసి ఉంటుంది. మరి ఎలా చేయాలి? నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చండి, ఆరు లెక్కపెడుతూ వదలండి. రెండు మూడు నిమిషాలు చాలు. తల తిరిగినట్టుంటే ఆపేయండి. పరీక్ష రోజు దాకా ఆగకుండా, బడి బస్సు కోసం నిలబడినప్పుడో పడుకోబోయే ముందో రోజూ చేయండి. దిగులు రోజుల తరబడి వదలకపోతే మాత్రం అమ్మానాన్నలకో టీచరుకో తప్పకుండా చెప్పండి.