వార్తల్లో పదం: సీట్ పిచ్

విమానంలో మన మోకాళ్లు ముందు సీటుకు తగులుతాయా లేదా అన్నది చాలావరకు తేల్చే కొలత ఇది. మన సీటు మీద ఒక బిందువు నుంచి ముందు వరుస సీటు మీద అదే బిందువు దాకా ఉండే దూరమే సీట్ పిచ్. ఎకానమీలో సాధారణంగా 28 నుంచి 32 అంగుళాలు. ఇందులో సీటు వీపు మందమూ కలిసే ఉంటుంది. కాబట్టి అంకె ఒకటే అయినా, పలచటి సీట్లున్న విమానంలో కాళ్లకు కాస్త ఎక్కువ చోటు మిగులుతుంది. మెత్తదనం మాత్రం ఆశించకూడదు.

అమెరికాలో ఇది కోర్టుకెక్కింది. సీట్లు ఇరుకైతే ప్రమాదవేళ జనం త్వరగా బయటపడగలరా అని ప్రయాణికుల సంఘం ఒకటి ప్రశ్నించింది. విమానాన్ని 90 సెకన్లలో ఖాళీ చేయగలగాలన్నది అక్కడి నిబంధన మరి. 2017లో అప్పీళ్ల కోర్టు, ఈ విషయం మళ్లీ పరిశీలించమని విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏని ఆదేశించింది. 2018లో అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) సీట్ల కనీస కొలతలు నిర్ణయించమంటూ చట్టమే చేసింది. అందుకిచ్చిన ఏడాది గడువు ఎప్పుడో దాటిపోయింది.

ఎమర్జెన్సీ ద్వారం వరుసలో కాళ్లు బారజాపుకోవచ్చు. పిల్లలకు, అవసరమైతే తలుపు తీయలేనివారికి అక్కడ చోటివ్వరు. మొదటి వరుస కూడా విశాలమే కానీ, భోజనపు బల్ల చేతిరెస్టులో ఇమిడి ఉండటంతో సీటు వెడల్పు తగ్గుతుంది. అమెరికాలోని పిల్లల దగ్గరికి బయల్దేరే పెద్దలకు టికెట్ కొనేవారు పిచ్‌తోపాటు ఆ వెడల్పూ చూడాలి.